సబ్సిడీ బర్రె – అంగడి ధర
(సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నన్ను "మీరు సమితి ఆఫీసులో చేసినవారు గదా, పశువుల లోన్ల సంగతి నాలుగు ముక్కలు చెప్పండి" అన్నారు. డి.ఆర్. బకాయిల గురించి చెప్పమంటే మీరంతా చెవులు నిక్కించుకొని వింటారు. బర్రెల గురించి చెబితే ఎవరు వింటారని నేనే సందేహించాను. కాని ఈ మధ్య మన సభ్యుల ఇళ్లలో ఒకే మాట తరచుగా వినబడుతున్నది. "అబ్బాయి పట్నంలో ఉద్యోగం మానేసి వచ్చాడు. ఊళ్లో పొలం ఉంది గదా, గొర్రెల యూనిట్ పెడతానంటున్నాడు. సగం సబ్సిడీ అట. మన గ్రాట్యుటీ డబ్బు కొంత పెడితే చాలునట." ఈ రెండేళ్లలో నలుగురు నన్ను ఈ విషయమే అడిగారు. వారిలో ఇద్దరు ఇక్కడే కూర్చున్నారు. అందుకని ఒప్పుకున్నాను.

నేను 1974లో ఎల్.డి.సి.గా చేరి, 2008లో సీనియర్ అసిస్టెంటుగా రిటైరయ్యాను. అందులో పది పన్నెండేళ్లు నా బల్ల మీద ఉన్నది సబ్సిడీ రిజిస్టరే. బర్రెను నేను కొనలేదు, అమ్మలేదు. కాని కొన్నవాళ్ల కాగితాలన్నీ నా చేతి మీదుగానే పోయాయి. అంగడికి పోయే కమిటీతోపాటు రాసుకోవడానికి నన్ను కూడా జీపులో ఎక్కించుకొనేవారు. కనుక నేను చెప్పేది కొంత కాగితం మీద చూసినది, కొంత దుమ్ములో నిలబడి చూసినది.

సమగ్ర గ్రామీణాభివృద్ధి పథకం, మనం ఐ.ఆర్.డి.పి. అనేవాళ్లం, 1978లో కొన్ని బ్లాకుల్లో మొదలై 1980 అక్టోబరు 2 నుంచి దేశంలోని అన్ని బ్లాకులకూ వచ్చింది. చిన్న రైతుకు నాలుగో వంతు, సన్నకారు రైతుకు, కూలీకి మూడో వంతు, గిరిజనులకు సగం సబ్సిడీ. తరువాత దళితులకు కూడా సగం చేశారు. మిగతాది బ్యాంకు అప్పు. మా పాలమూరు కరువు పీడిత జిల్లా గనుక సబ్సిడీ పరిమితి మామూలు చోట్ల 3,000 రూపాయలైతే మాకు 4,000. ఈ పథకం కింద ఎద్దులబండ్లు ఇచ్చారు, కుట్టుమిషన్లు ఇచ్చారు, కిరాణా కొట్లు పెట్టించారు. కాని ఎక్కువ మంది అడిగింది, ఎక్కువగా ఇచ్చింది పాడి పశువులనే.

నియమాలు రాసినవాళ్లు తెలివితక్కువవాళ్లు కారు, ఈ మాట గట్టిగానే చెబుతాను. పాడి యూనిట్ అంటే ఒక బర్రె కాదు, రెండు. మొదటిది ఇచ్చిన ఆరు నెలల తరువాత రెండోది ఇవ్వాలి. మొదటిది వట్టిపోయే వేళకు రెండోది పాలమీద ఉంటుంది. అలా ఏడాది పొడుగునా ఇంట్లోకి పాల డబ్బు వస్తుంది, వాయిదా కట్టడం ఆగదు, వట్టిపోయినదానికి మేత కూడా దాని మీదే గడుస్తుంది. చక్కని ఆలోచన. నా రిజిస్టరులో మాత్రం రెండో బర్రె గడి చాలా పేజీల్లో ఖాళీగానే ఉండేది. మొదటి వాయిదాలు సరిగ్గా కట్టనిదే బ్యాంకు రెండో అప్పు ఇవ్వదు. రెండో బర్రె రానిదే రైతు వాయిదా కట్టలేడు. పైనుంచి వచ్చే లక్ష్యం ఏమో ఎంతమంది లబ్ధిదారులు అని అడిగేది గాని, ఒక్కొక్కరికి ఎన్ని బర్రెలు అని అడిగేది కాదు. ఒకరికి రెండో బర్రె ఇచ్చేకంటే ఇంకొకరికి మొదటి బర్రె ఇస్తే లెక్కలో మనిషి పెరుగుతాడు. 1985లో ఆర్థికవేత్త నీలకంఠ రథ్ ఈ పథకంతో పేదరికం పోతుందా అని ప్రశ్నిస్తూ ఒక పెద్ద వ్యాసం రాశారు. దాని మీద ఢిల్లీ దాకా వాదోపవాదాలు జరిగాయి. మా బల్లల దగ్గర ఆ వాదం ఖాళీ గడి రూపంలో అంతకుముందు నుంచే ఉన్నది.

ఇక అంగడి సంగతి. పెబ్బేరు శనివారపు అంగడి మీలో చాలామంది చూసే ఉంటారు. అప్పుడు మహబూబ్‌నగర్ జిల్లా, 2016 నుంచి వనపర్తి జిల్లా. తెల్లవారకముందే పశువులు దిగుతాయి. అమ్మేవాడు, కొనేవాడు ధర నోటితో అనరు. తువ్వాలు కింద చేతులు కలిపి వేళ్లు నొక్కి చెప్పుకుంటారు. పక్కన నిలబడ్డవాడికి ఎంతకు తెగిందో తెలియదు. మధ్యలో దళారి, అటు ఇటు రెండువైపులా అతనికి ముట్టవలసింది ముట్టుతుంది. పళ్లు చూసి వయసు చెబుతారు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు, నోరు కూడినది అని. ఎద్దుకైతే సుడులు చూస్తారు. సుడి బాగాలేదంటే మంచి కోడె కూడా ధర పలకదు. నాకు ఆ నమ్మకం లేదు గాని, కొనేవాడికి ఉన్నప్పుడు అది ధరలోకి వస్తుంది, కాదనలేం.

ఇలాంటి చోటుకి సర్కారు జీపు వచ్చి ఆగితే ఏమవుతుందో ఆలోచించండి. పశువుల డాక్టరు, బ్యాంకు ఫీల్డాఫీసరు, విస్తరణాధికారి, వెనకాల పదిమంది రైతులు. యూనిట్ ధర ఎంతో జిల్లా అంతటా తెలుసు. తువ్వాలు కింద దాచవలసిన ధర జీవో కాగితం మీద అచ్చయి ఉంటుంది. అమ్మేవాడు అంతకు తక్కువ ఎందుకు చెబుతాడు? నిన్నటి అంగట్లో 2,500కు తెగిన బర్రె, కమిటీ వచ్చిన రోజు 3,000. మూడో వంతు సబ్సిడీ అంటే 1,000 రూపాయలు. అందులో 500 బర్రెతో పాటు అమ్మినవాడి జేబులోకి పోయింది. రైతు అప్పు మాత్రం 2,000, పూర్తిగా అతని పేరునే.

ఇక్కడ ఒక తమాషా చెప్పాలి. మామూలు అమ్మకంలో తైబజారు చీటీ మీద ధర అసలు ధర కంటే తక్కువ రాయిస్తారు, రుసుము తగ్గుతుందని. సబ్సిడీ అమ్మకంలో అసలు ధర కంటే ఎక్కువ రాయిస్తారు, యూనిట్ ధరకు సరిపోవాలని. ఒకే అంగడి, ఒకే చీటీ పుస్తకం, ధర రెండు దిక్కులకూ జరిగేది. ఆ చీటీలే నా ఫైల్లో ఓచర్లు. ఆడిట్ వారు వచ్చి మొత్తాలు కూడి, సరిపోయాయని సంతకం పెట్టి వెళ్లేవారు. సరిపోకపోవడమేమిటి, సరిపోయేటట్టే గదా రాసింది!

అన్నిటికంటే నన్ను బాధపెట్టింది నెల. పైనుంచి నిధులు ఆలస్యంగా వస్తాయి. లక్ష్యం మార్చి 31లోగా పూర్తి కావాలి. కనుక ఫిబ్రవరి, మార్చి నెలల్లో చుట్టుపక్కల సమితుల జీపులన్నీ ఒకే అంగడికి. మా పాలమూరులో మార్చి అంటే ఏమిటి? వాగులు ఎండుతాయి, గడ్డివాములు తరుగుతాయి, మేపలేనివాళ్లు పశువులను అమ్ముకోవడం మొదలుపెడతారు. అంటే పశువు చౌకగా దొరకవలసిన కాలం. సరిగ్గా ఆ కాలంలో సర్కారు డబ్బు దిగి ధరను పైకి లాగేది. ఎక్కువ ధర పెట్టి తెచ్చిన బర్రెను రైతు గడ్డి లేని ఇంట్లో కట్టేసేవాడు. మే నెల వచ్చేసరికి అది చిక్కిపోయి పాలు తగ్గించేది. మృగశిర కార్తె తరువాత ఇవ్వవలసినదాన్ని శివరాత్రి తరువాత ఇవ్వడమన్నమాట. ఈ ముక్క ఒక సమీక్షలో ఒక పెద్ద అధికారి ముందు మా సూపరింటెండెంటుగారు వినయంగా అన్నారు. "లాప్స్ అయితే నువ్వు జవాబు చెబుతావా?" అన్నారాయన. అంతటితో ఆ చర్చ అయిపోయింది.

కమిటీల కొనుగోళ్లతో ఇలా ఉందని, తరువాత కొన్నిచోట్ల డబ్బు నేరుగా రైతు చేతికిచ్చి కొనుక్కోమన్నారు. 1999 ఏప్రిల్ 1న ఐ.ఆర్.డి.పి. పోయి స్వర్ణజయంతి గ్రామ స్వరోజ్‌గార్ యోజన వచ్చింది. అందులో సబ్సిడీ ముందుగా ఇవ్వరు, అప్పు తీర్చే చివరన జమ చేస్తారు. దొంగ కొనుగోళ్లు కొంత తగ్గాయి. కాని బర్రె వట్టిపోయినప్పుడు ఏమిటన్న ప్రశ్న అలాగే ఉండిపోయింది. నా మాటలకు అసలు కేంద్రం అదే గనుక దాని దగ్గర కొంచెంసేపు ఆగుతాను.

బర్రె చూడి కాలం సుమారు 310 రోజులు, ఆవుకు 280. ఈనిన తరువాత తొమ్మిది నెలలు పాలిస్తుందనుకోండి. ఈనిన మూడు నెలల్లో మళ్లీ కట్టితే వట్టి కాలం నాలుగైదు నెలలు. కట్టకపోతే ఆ వట్టి కాలం ఎంతో చెప్పలేం. బర్రెకు ఎద బయటికి కనబడదు, ముఖ్యంగా ఎండాకాలంలో. మూగ ఎద అంటారు. ఆవులాగా అరవదు, తోక కింద తీగలు కూడా సరిగ్గా కనబడవు. తెల్లవారుజామున లేచి చూసే మనిషి ఇంట్లో ఉంటే పట్టుకుంటాడు, లేకపోతే ఇరవై ఒక్క రోజులు పోయినట్టే.

ఇప్పటి రూపాయల్లో ఒక లెక్క వేద్దాం. ఈ అంకెలు ఎక్కడో ప్రకటించినవి కావు, లెక్క కోసం అనుకున్నవి. మీ ఊరి ధరలు వేసుకొని మీరే సరిచూసుకోండి. బర్రె 90,000. రోజుకు సగటున ఆరు లీటర్లు, 270 రోజులు, 1,620 లీటర్లు. లీటరుకు 60 రూపాయలు చేతికొస్తే 97,200. పాలమీద ఉన్నన్నాళ్లు దాణా, తవుడు, చెక్క, గడ్డి రోజుకు 250 చొప్పున 67,500. మిగిలింది 29,700. తరువాత 150 రోజులు వట్టి కాలం, రోజుకు 120 చొప్పున 18,000. అది తీసేస్తే ఒక ఈతకు మిగులు 11,700, ఇంటివాళ్ల కష్టానికి పైసా కట్టకుండా. దూడ అదనం. గొప్ప లాభమేమీ కాదు, కాని బర్రె ఇంట్లోనే ఉంటుంది, మళ్లీ ఈనుతుంది.

ఇప్పుడు అదే బర్రె వట్టిపోయిన రోజున రైతు చేతిలో డబ్బు లేదనుకోండి. పాల మిగులంతా బ్యాంకు వాయిదాకో, పిల్ల ఫీజుకో పోయింది. రోజుకు 120 రూపాయల మేత ఎక్కడినుంచి తెస్తాడు? అంగడికి తోలుతాడు. వట్టి బర్రెకు అంగట్లో సగం ధర పలికితే అదృష్టమనుకోవాలి. 45,000 వచ్చింది, 45,000 పోయింది. సగం సబ్సిడీ అని మనం గొప్పగా చెప్పుకున్నది కూడా 45,000 గదా! వట్టి కాలంలో మేపడానికి 18,000 లేక 45,000 పోగొట్టుకున్నాడు. సర్కారు ఇచ్చింది అంగడి తీసుకుంది. ఆ బర్రెను కొన్న ఆసామికి ఇంటి వెనక గడ్డివాము ఉంటుంది. అయిదు నెలలు మేపి, ఈనిన తరువాత మళ్లీ 90,000కు తెస్తాడు. ఒక్కోసారి మరో సబ్సిడీ రైతుకే. నా రిజిస్టరులో చూసిన బర్రెల్లో చాలా వాటి కథ ఇదే, అంకెలు మాత్రం వేలల్లో కాక వందల్లో ఉండేవి.

అందుకనే నన్ను అడిగినవారికల్లా నేను చెప్పేది, కొనడానికి ఎంత సబ్సిడీ వస్తుందో తరువాత చూద్దాం, వట్టి నెలల మేతకు డబ్బు విడిగా ఉందా లేదా అని. ఇప్పుడు దీనికి ఒక మార్గం ఉంది, జనానికి సరిగా తెలియదు. కిసాన్ క్రెడిట్ కార్డును 2018–19 నుంచి పశుపోషకులకు కూడా వర్తింపజేశారు. ఇది పశువును కొనడానికి కాదు, మేపడానికి, మందులకు, కూలికి. 2 లక్షల వరకు 7 శాతం వడ్డీ, గడువులో కట్టినవారికి 3 శాతం రాయితీ పోను 4 శాతమే పడుతుంది. 2025 జనవరి 1 నుంచి 2 లక్షల దాకా తాకట్టు అడగకూడదని రిజర్వు బ్యాంకు చెప్పింది. సబ్సిడీ అన్న పేరు లేదు గనుక దీని వెంట ఎవరూ పడరు. వట్టి బర్రెను అంగడికి తోలకుండా ఆపగలిగేది మాత్రం ఇదే.

తప్పనిసరిగా అమ్మవలసి వస్తే, అమ్మేముందు డాక్టరుతో చూడి పరీక్ష చేయించమనండి. వట్టిపోయి చూడితో ఉన్న బర్రెకు, ఏమీ లేని వట్టి బర్రెకు ధరలో చాలా తేడా. ఈ సంగతి దళారికి తెలుసు, అతను చేయి పెట్టి చూసుకుంటాడు, తెలియనిది అమ్మేవాడికే. అలాగే కొనేటప్పుడు ఒక పూట పాలు చూసి మోసపోవద్దు. ముందు పూట పిండకుండా ఆపితే పొదుగు నిండుగానే కనబడుతుంది. పక్కన చిన్న దూడను కట్టి నిన్ననే ఈనిందంటారు, ఆ దూడ దానిదో కాదో చూడాలి. వీలైతే అమ్మేవాడి ఇంటికి పోయి వరసగా మూడు పూటలు పిండించి చూడాలి.

పనికిరాని పశువు సంగతి ఇంకా కష్టం. మన దగ్గర 1977 నాటి చట్టం ప్రకారం గోవధ నిషేధం. ఎద్దుకు, గేదెకు అధికారి ధ్రువపత్రం కావాలి. దాని మంచిచెడుల్లోకి నేను పోను, ఇక్కడ అన్ని రకాల అభిప్రాయాలవారూ ఉన్నారు. ధర సంగతి వరకే చెబుతాను. 2017 మే 23న కేంద్ర ప్రభుత్వం పశువుల సంతల్లో వధకోసం అమ్మకాలు కూడదని నియమాలు తెచ్చింది. బర్రెలు కూడా అందులోకి వచ్చాయి. ఆ ఏడు జూలై 11న సుప్రీంకోర్టు దేశమంతటా వాటి అమలును ఆపింది. కాని ఆ మధ్యకాలంలో బయటి వ్యాపారులు భయపడి చాలా అంగళ్లకు రాలేదు. కొనేవాడు ఒక్కడు తగ్గినా తువ్వాలు కింద ఒక వేలు తగ్గుతుంది. 2022లో లంపీ స్కిన్ వ్యాధి వచ్చినప్పుడు పలుచోట్ల పశువుల సంతలే మూయించారు, అమ్ముకుందామన్నా చోటు లేదు. ఇక కోడెలూ ఎద్దులూ, ట్రాక్టరు వచ్చాక వాటి పని అయిపోయింది. 2012 పశుగణన నుంచి 2019 పశుగణనకు దేశంలో ఆవులు 18 శాతం పెరిగితే, ఎద్దులూ కోడెలూ 30 శాతం తగ్గాయి. ఇది వరకు కోడెదూడ పుడితే రైతుకు అరక. ఇప్పుడు పాలు తాగే నోరు.

గొర్రెల సంగతి చెప్పమని ముందు వరసలో మిత్రులు సైగ చేస్తున్నారు. వస్తున్నాను.

తెలంగాణలో 2017 జూన్‌లో గొర్రెల పంపిణీ మొదలైంది. సంఘంలో సభ్యత్వం ఉన్న గొల్ల కురుమలకు ఒక్కొక్కరికి 20 గొర్రెలు, ఒక పొట్టేలు. యూనిట్ 1,25,000, అందులో 75 శాతం సర్కారుది, లబ్ధిదారు వాటా 31,250. 2021లో యూనిట్‌ను 1,75,000 చేశారు, వాటా 43,750 అయింది. గొర్రెలు రాష్ట్రం బయట కొనాలన్నది మంచి నియమమే, లేకపోతే ఇక్కడివే ఇక్కడే చేతులు మారుతాయి. ఫలితం లేదని అనను. 2019 పశుగణనలో ఒక కోటి 90 లక్షల పైచిలుకు గొర్రెలతో తెలంగాణ దేశంలో మొదటి స్థానంలోకి వచ్చింది. మందను నిలబెట్టుకొని పిల్లలను అమ్ముకొని బాగుపడ్డవారిని మా వైపు నేనెరుగుదును. వాళ్లంతా అంతకుముందే మంద ఉన్నవాళ్లు, మేత బీళ్లు ఎక్కడున్నాయో తెలిసినవాళ్లు.

కాని అన్ని జిల్లాల లారీలు పొరుగు రాష్ట్రాల సంతల మీద ఒకేసారి పడితే ఏమవుతుంది? మా మార్చి నెల ముచ్చటే, వంద రెట్లు. ధర పెరిగింది. ఇచ్చిన గొర్రెలే దళారుల చేతుల్లో సరిహద్దు దాటి వెనక్కి పోయి మళ్లీ కొత్త లబ్ధిదారు పేరున వచ్చాయన్న ఆరోపణలు వచ్చాయి. 2024 ఫిబ్రవరిలో శాసనసభ ముందుకు వచ్చిన కాగ్ నివేదికలో, గొర్రెలను తరలించిన వాహనాలని చూపిన నంబర్లలో మోటారు సైకిళ్లు, ఆటోలు, అంబులెన్సులు కూడా ఉన్నాయని రాశారు. ఆ పేరా పేపర్లో చదివినప్పుడు మా ఇంట్లోవాళ్లు నవ్వారు. నాకు మాత్రం నా ఓచర్ల ఫైలు కళ్ల ముందు కనబడింది. కేసులు నడుస్తున్నాయి గనుక అంతకుమించి చెప్పను.

ఇంకొక నష్టం ఎవరూ లెక్కలో రాయలేదు. మా దక్కన్ మెట్ట భూములకు అలవాటుపడ్డది నల్ల ఉన్ని గొర్రె. దాని ఉన్నితోనే నారాయణపేట వైపు గొంగళ్లు నేసేవారు. బయటి నుంచి వచ్చినవి ఎక్కువగా ఉన్ని లేని నెల్లూరు జాతి. మాంసానికి మంచివే. వానలో, బండనేలలో, దూరం నడకలో నిలబడేది మాత్రం మన నల్ల గొర్రె. మంద మారితే గొంగడి పోయింది.

ఇక మన ఇళ్ల పిల్లలు చెప్పే "సగం సబ్సిడీ" జాతీయ లైవ్‌స్టాక్ మిషన్‌ది. 2021లో మార్చిన పథకం. 100 గొర్రెలు, 5 పొట్టేళ్లకు 10 లక్షల వరకు, 500 గొర్రెలు, 25 పొట్టేళ్లకు 50 లక్షల వరకు సబ్సిడీ. ఉన్న పథకమే, మోసం కాదు. కాని చదవవలసిన అక్షరాలు చిన్నవిగా ఉన్నాయి. సబ్సిడీ రెండు కిస్తీలుగా వస్తుంది. మొదటి కిస్తీ రావడానికి ముందే మన డబ్బో, బ్యాంకు డబ్బో కొంత ఖర్చుపెట్టి చూపాలి. రెండోది అంతా పూర్తయి, అధికారులు చూసి వెళ్లాక. సబ్సిడీ మూలధనానికి మాత్రమే, అంటే షెడ్డు, జీవాలు, సామాను. కాపరుల జీతం, దాణా అందులోకి రావు. గొర్రె చూడి కాలం అయిదు నెలలు, పిల్ల అమ్మకానికి రావడానికి మరో నాలుగైదు నెలలు. అంటే దాదాపు ఏడాదిపాటు ఖర్చే తప్ప రాబడి లేదు. ఆ ఏడాదిని మోసేది ఎవరు? తండ్రి పింఛను.

పైగా ఇది పాడి పశువులకు వర్తించదు. ఇదివరకు 2010 నుంచి నాబార్డు ద్వారా డెయిరీకి 25 శాతం, ఎస్.సి., ఎస్.టి.లకు మూడో వంతు సబ్సిడీ ఇచ్చే పథకం ఉండేది. దాన్ని ఆపేశారు. ఆ పథకం పేరు చెప్పి ఇప్పటికీ ప్రాజెక్టు రిపోర్టు రాసిస్తాం, ముందు ఇరవై వేలు కట్టండి అనేవాళ్లు తిరుగుతున్నారు. వాళ్లకు పైసా ఇవ్వకండి. మండల పశువైద్యాధికారి దగ్గరికి పోయి ఏ పథకం ఉంది, ఏది లేదు అని అడగడానికి రుసుము లేదు.

మనలో ఒకరి అబ్బాయికి నేను ఒక సలహా ఇచ్చాను, ఆయన ఒప్పుకున్నారు గనుక చెబుతున్నాను. ముందు 20 గొర్రెలు సొంత డబ్బుతో కొను, ఒక వానాకాలం, ఒక ఎండాకాలం మేపు. చిటుకు రోగం, నీలి నాలుక ఎలా ఉంటాయో చూడు. మొదటి పిల్లలను నువ్వే అంగడికి తోలుకుపోయి నువ్వే అమ్ము, దళారికి అప్పగించకు. తరువాత కూడా ఉత్సాహం ఉంటే వంద గొర్రెలకు దరఖాస్తు పెట్టు. ఆ అబ్బాయికి కొంచెం కోపం వచ్చినట్టుంది. "అంకుల్ పాతకాలం మనిషి" అన్నాడట. తండ్రి మాత్రం కమ్యుటేషన్ డబ్బు బ్యాంకులోనే ఉంచారు. ఆ ఇరవై గొర్రెలు ఈ దసరాకు కొన్నారు. ఎలా ఉన్నాయో వచ్చే సమావేశానికి తెలుస్తుంది.

పాల ధర గురించి ఒక్క మాట. ములుకనూరులో ఆడవాళ్లు కలిసి 2002లో తమ సొంత డెయిరీ పెట్టుకున్నారు, స్వకృషి పేరుతో పాలు అమ్ముతారు. ధర వెన్న శాతాన్ని బట్టి ఇస్తారు, ఏడాది చివర మిగులులో బోనస్ సభ్యులకే పంచుతారు. పాలకు నమ్మకమైన గిరాకి ఉన్నచోట రైతు వట్టి బర్రెను కూడా మేపుతాడు, మళ్లీ పాలొస్తాయన్న భరోసాతో. అలాంటి సంఘం లేని ఊళ్లో బర్రె కొనేవారు ముందు పాలు ఎవరికి పోస్తారో, వెన్న ఎవరు కొలుస్తారో కనుక్కోవాలి.

చివరికి ఇన్సూరెన్సు. 2024లో దాని నియమం సడలించి, రైతు వాటా ప్రీమియంలో 15 శాతం మాత్రమే అన్నారు, మిగతాది కేంద్రం, రాష్ట్రం కడతాయి. పశువు చెవికి ఉండే పన్నెండంకెల పసుపు ట్యాగు ఊడిపోతే వెంటనే కొత్తది వేయించి, ఆ నంబరు పాలసీలో మార్పించాలి. ట్యాగు లేని పశువుకు క్లెయిము ఇవ్వరు, ఎన్ని అర్జీలు పెట్టినా ఇవ్వరు. పశువు చనిపోతే పూడ్చకముందే కంపెనీకి, డాక్టరుకు కబురు చేయాలి, పోస్టుమార్టం కాగితం తీసుకోవాలి. జబ్బు చేస్తే 1962కు ఫోన్ చేస్తే పశువుల అంబులెన్సు వస్తుంది. కొన్న చీటీ, ట్యాగు నంబరు, పాలసీ, టీకాల కార్డు ఈ నాలుగూ ఒక కవర్లో పెట్టి ఇంట్లో ఆడవాళ్లకు చెప్పి ఉంచండి. కాగితాలు రాయించుకోవలసినవారు బుధవారం ఉదయం పది తరువాత సంఘం ఆఫీసుకు వస్తే నేనుంటాను, కళ్లజోడు, పెన్ను నావే.